పావు మిల్లీమీటరు చిప్పును నాజిల్ వదలడం లేదు, వదిలినా చోటు తప్పుతోంది: రోబో మార్చాలా?

చిన్నచిప్పు:

అందరికీ నమస్కారం. ఫొటోడయోడ్ చిప్పులను సిరామిక్ పలకల మీద అతికించే చిన్న యంత్రం ఒకటి కడుతున్నాను. చిప్పు 0.25 మిల్లీమీటర్ల చదరం, మందం 0.1 మిల్లీమీటరు. పలక మీద వెండి కలిపిన ఎపాక్సీ జిగురు చుక్క ముందే పడి ఉంటుంది. చిప్పు కేంద్రం పలక మీది గుర్తుకు 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపల ఉండాలి.

రోబో నాలుగు అక్షాల స్కారా, అంటే కీళ్లు అడ్డంగా తిరిగే చెయ్యి ఉన్న రకం. చెయ్యి పొడవు 400 మిల్లీమీటర్లు. రిపీటబిలిటీ, అంటే ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లినప్పుడు వచ్చే తేడా, ±10 మైక్రాన్లని కాగితం మీద ఉంది. తల మీద స్టీలు నాజిల్, దాని రంధ్రం 0.1 మిల్లీమీటరు, వాక్యూమ్ 60 కిలోపాస్కళ్లు. నాజిల్‌కు 60 మిల్లీమీటర్ల పక్కన కిందికి చూసే కెమెరా.

ఇబ్బందులు రెండు. చిప్పును ఎత్తడంలో ఏ చిక్కూ లేదు, దించడంలోనే ఉంది. వాక్యూమ్ ఆపి నాజిల్‌ను పైకి లేపితే చిప్పు కూడా దానితోనే లేచి వస్తోంది. వదిలించడానికి గాలి ఊదితే ఎటో ఎగిరిపోతోంది. ఇక రెండోది, యంత్రం ఆన్ చేయగానే గుర్తు దగ్గరే కూర్చునే చిప్పులు రెండు గంటలు గడిచేసరికి ఒకే వైపుకు జరిగి 25 నుంచి 30 మైక్రాన్లు తప్పుతున్నాయి. ఆ తరువాత తప్పు పెరగడం లేదు, తగ్గడమూ లేదు.

±5 లేదా ±3 మైక్రాన్ల రోబో కొందామని మా పైవాళ్లు అంటున్నారు. కొంటే తీరుతుందా? ఇలాంటి పని చేసినవాళ్లు చెప్పండి.

పట్టకారు:

రోబో మార్చకండి. మార్చినా ఈ రెండు ఇబ్బందులూ కొత్తదాని మీదికి ఎక్కి కూర్చుంటాయి. ఇలాంటి ప్రశ్న వచ్చిన ప్రతిసారీ ముందుగా రోబో మీదే అనుమానం పడుతుంది, ఎందుకంటే కదిలేది అదే, ఖరీదైనదీ అదే. చిప్పులను అతికించే బాండింగ్ యంత్రాల మధ్య ఉద్యోగమంతా గడిపినవాడిగా చెబుతున్నాను, తప్పు ఎక్కువసార్లు నాజిల్ కొసకూ పలకకూ మధ్య ఉన్న ఆ మిల్లీమీటరు జాగాలోనే దొరుకుతుంది.

వదలకపోవడం సంగతి ముందు చూద్దాం. మీ చిప్పు బరువు లెక్కకట్టారా? సిలికాన్ సాంద్రతతో లెక్క వేస్తే సుమారు 15 మైక్రోగ్రాములు. అంటే భూమి దాన్ని కిందికి లాగే బలం 0.14 మైక్రోన్యూటన్లు. మీ నాజిల్ 0.1 మిల్లీమీటరు రంధ్రం గుండా 60 కిలోపాస్కళ్లతో పీల్చే బలం 470 మైక్రోన్యూటన్లు, బరువుకు మూడు వేల రెట్లకు పైగా. కాబట్టి ఎత్తడం ఎప్పుడూ విఫలం కాదు. ఆ బలంలో వెయ్యో వంతు ఏ రూపంలో మిగిలిపోయినా చిప్పు కింద పడదు. వాక్యూమ్ ఆపితే చిప్పు తన బరువుకు తానే రాలుతుందని ఆశించడం ఈ పరిమాణంలో కుదరదు.

పొడవు, వెడల్పు, మందం మూడూ సగమైతే బరువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, తేమ వల్ల పుట్టే తలతన్యత బలం మాత్రం సగానికే తగ్గుతుంది. ఇంకా ఇంకా చిన్నదైతే ఏమవుతుందో చూడండి. 100 మైక్రాన్ల వ్యాసం ఉన్న సిలికాన్ గోళం బరువు 0.012 మైక్రోన్యూటన్లు. దానికీ నున్నటి చదునుకూ మధ్య నీటిపొర చేరితే పట్టు గరిష్ఠంగా 45 మైక్రోన్యూటన్ల దాకా ఉంటుంది. తడి వేలికి అంటిన ఇసుక రేణువు చెయ్యి దులిపినా ఎందుకు రాలదో ఈ లెక్కే చెబుతుంది. బర్కిలీలో రోనాల్డ్ ఫియరింగ్ 1995లోనే ఈ బలాలన్నిటినీ, అంటే తేమనూ స్థిర విద్యుత్తునూ అణువుల మధ్య ఉండే వాండర్‌వాల్స్ ఆకర్షణనూ, పక్కపక్కన పెట్టి చూపించారు. మిల్లీమీటరు కిందికి దిగితే బరువును లెక్కలోంచి తీసేయవచ్చు, అంటుకోవడాన్ని మాత్రం తీయలేం.

మీ దగ్గర ఆ పట్టు ఏ రూపంలో మిగులుతోందో తెలుసుకోవాలి. నా మొదటి అనుమానం వాక్యూమ్ గొట్టం మీద. వాల్వు నాజిల్ నుంచి ఎంత దూరంలో ఉంది? మీటరు దూరంలో ఉంటే, వాల్వు మూసినంత మాత్రాన ఆ గొట్టంలోని వాక్యూమ్ ఎక్కడికీ పోదు. లోపలికి గాలి రావలసింది 0.1 మిల్లీమీటరు రంధ్రం గుండానే, దాన్ని చిప్పే మూసి ఉంచింది. తెరిచి ఉన్నా ఆ గొట్టం నిండటానికి సెకన్లు పడుతుంది. మూడు దారుల వాల్వును తల మీదే, నాజిల్‌కు వీలైనంత దగ్గరగా పెట్టండి. పీల్చడం ఆగగానే ఆ గొట్టం బయటి గాలికి తెరుచుకోవాలి. పక్కనే ఒక పీడన సెన్సరు పెట్టి, పీడనం బయటి గాలితో సమానమయ్యాకే పైకి లేవమని ప్రోగ్రాంలో రాయండి. గాలి ఊదడం పూర్తిగా మానేయండి. 15 మైక్రోగ్రాముల వస్తువు మీద ఎంత మెల్లగా ఊదినా అది తుఫానే.

తరువాత నాజిల్ మొనను మైక్రోస్కోపు కింద పెట్టి చూడండి. అక్కడ ఎపాక్సీ అంటి ఉంటుందని నాకు గట్టి అనుమానం. నాజిల్ బయటి వ్యాసం చిప్పు కంటే ఎక్కువగా ఉంటే, నొక్కినప్పుడు చిప్పు అంచుల నుంచి పైకి పొంగిన జిగురు నేరుగా నాజిల్‌కు తగులుతుంది. ఒకసారి తగిలితే తరువాతి ప్రతి చిప్పుకూ పైన కూడా జిగురే. బయటి వ్యాసం 0.2 మిల్లీమీటర్లు దాటకూడదు. మొన అద్దంలా మెరవాల్సిన పని లేదు, కొంచెం గరుకుగా ఉంటేనే నయం, తాకే వైశాల్యం తగ్గుతుంది.

నిజానికి మీ పని చాలామంది పని కంటే సులువు, కింద జిగురు ఉంది కాబట్టి. పైన నాజిల్ పట్టు కంటే కింద జిగురు పట్టు బలంగా ఉంటే చాలు, చిప్పు తనంతట తానే పలక వైపు ఉండిపోతుంది. నొక్కిన తరువాత సెకనులో పదో వంతు ఆగి, అప్పుడు లేవండి. మొదటి కొన్ని పదుల మైక్రాన్లు చాలా మెల్లగా లేవండి. గదిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూడండి. బాగా ఆరిపోతే స్థిర విద్యుత్తు, 60 దాటితే నీటిపొర. స్థిర విద్యుత్తును పోగొట్టే అయనైజర్ పెడితే మంచిదే, కానీ దాని ఫ్యాను గాలి నేరుగా చిప్పుల ట్రే మీద పడకుండా చూడండి.

ఇక జరిగిపోవడం. రెండు గంటల్లో ఒకే వైపుకు వెళ్లి ఆగిపోతోందని రాశారు. అది వేడి. అల్యూమినియం ఒక్కో డిగ్రీకి మీటరుకు 23 మైక్రాన్లు సాగుతుంది. మీ 400 మిల్లీమీటర్ల చెయ్యి 3 డిగ్రీలు వేడెక్కితే 28 మైక్రాన్లు. మీరు రాసిన అంకె సరిగ్గా ఇదే. జరుగుతున్న దిశ చెయ్యి చాచిన దిశేనా, చూసి చెప్పండి. ±3 మైక్రాన్ల రోబో చెయ్యి కూడా లోహమే, అదీ సాగుతుంది. రోబోల పనితీరు కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9283 ప్రకారం రిపీటబిలిటీ కొలిచేటప్పుడు యంత్రాన్ని ముందుగా వేడెక్కనిచ్చి, ఒకే బిందువుకు 30 సార్లు పంపి, ఎంత చెదురుతోందో చూస్తారు. ఆ అంకె అర్థం, ఇదివరకు వెళ్లిన చోటికి మళ్లీ వెళ్లగలదని. మీరు చెప్పిన చోటికి వెళ్తుందని ఆ కాగితం ఎక్కడా హామీ ఇవ్వదు.

కటకం:

పట్టకారు గారు చెప్పినదానికి కెమెరా వైపు నుంచి కొంత కలుపుతాను.

మీ కెమెరా పలక మీది గుర్తును చూస్తుంది, తరువాత రోబో 60 మిల్లీమీటర్లు జరిగి, తాను చూడని చోట చిప్పును దించుతుంది. అంటే మీరు దించేది ఎప్పుడూ గుడ్డిగానే. ఆ 60 మిల్లీమీటర్లు కూడా స్థిరం కాదు. కెమెరా బ్రాకెట్టు అల్యూమినియందైతే, అదే 3 డిగ్రీలకు అది కూడా 4 మైక్రాన్లు పెరుగుతుంది. మీకు ఉన్న అవకాశమే 5 మైక్రాన్లు.

ముందుగా పైకి చూసే కెమెరా ఒకటి కింద బిగించండి. చిప్పును ఎత్తాక దాని మీదికి తీసుకువచ్చి, నాజిల్ మీద చిప్పు ఎంత పక్కకు ఉందో, ఎంత తిరిగిందో చూడండి. ఎత్తేటప్పుడే చిప్పు 10, 20 మైక్రాన్లు జరగడం మామూలే. తరువాత అక్కడే నాజిల్‌ను 90 డిగ్రీల చొప్పున తిప్పుతూ నాలుగు ఫొటోలు తీయండి. చిప్పు కేంద్రం గీసే వృత్తం మధ్యబిందువే నాజిల్ అసలు అక్షం. నాజిల్ మొన మధ్యలోనే అక్షం ఉందని నమ్మి లెక్కలు వేస్తే, చిప్పును తిప్పి దించిన ప్రతిసారీ తేడా వస్తుంది.

లెన్సు ఎంచుకునేటప్పుడు ఒక ఉచ్చు ఉంది. 5 మైక్రాన్ల పని కదా అని చాలామంది 10 రెట్ల మైక్రోస్కోపు ఆబ్జెక్టివ్ కొంటారు. న్యూమరికల్ అపర్చర్ (లెన్సు ఎంత వెడల్పు కోణంలో కాంతిని పట్టుకుంటుందో చెప్పే అంకె) 0.28 ఉంటే 1.2 మైక్రాన్ల వివరం కనిపిస్తుంది, నిజమే. కానీ స్పష్టంగా కనిపించే లోతు 7 మైక్రాన్లే. మీ చిప్పు పైభాగానికీ పలకకూ మధ్య 100 మైక్రాన్లకు పైగా ఎత్తు తేడా ఉంది. రెండూ ఒకేసారి ఫోకస్‌లోకి రావు. ఫోకస్ కోసం కెమెరాను పైకీ కిందికీ కదిపితే, ఆ కదలిక నిటారుగా లేకపోవడం వల్ల కొత్త తప్పు పుడుతుంది. 0.06 అపర్చర్ ఉన్న టెలిసెంట్రిక్ లెన్సు, అంటే దూరం కొంచెం మారినా వస్తువు కొలత మారకుండా చూపేది, తీసుకోండి. దాని వివరం 5.6 మైక్రాన్లే అయినా లోతు 150 మైక్రాన్లు. చిప్పు అంచు సరళరేఖ కాబట్టి, వందల పిక్సెళ్ల మీద గీత సరిపోల్చితే అంచు చోటు ఆ వివరంలో పదో వంతు దాకా తెలుస్తుంది. అంచు ఎక్కడుందో తెలియడమే మీకు కావలసింది, చిప్పు అందంగా కనిపించడం కాదు.

ఇంకొక మాట, కాలిబ్రేషన్, అంటే కెమెరా కొలతను రోబో కొలతతో సరిచూడటం, ఏ ఎత్తులో చేశారు? గాజు గడుల పలకను దించే ఎత్తు కంటే 5 మిల్లీమీటర్లు పైన పెట్టి కొలిచి ఉంటే, నాజిల్ దిగే దారి ఒక మిల్లీరేడియన్ (మీటరుకు ఒక మిల్లీమీటరు) వంగి ఉన్నా చాలు, మీ 5 మైక్రాన్లూ అక్కడే ఖర్చయిపోతాయి.

మరమేకు:

ఇంత తిరుగుడు ఎందుకు? స్కారాను ముతక పనికే వాడండి. పలక కింద పీజో స్టేజీ, అంటే వోల్టేజీ ఇస్తే కొద్దిగా సాగే పదార్థంతో కదిలే వేదిక, పెడితే నానోమీటర్లలో జరపవచ్చు. వంగే కీళ్ల మీద నడుస్తుంది కాబట్టి రాపిడి ఉండదు, గేర్లలో ఉండే వదులు ఉండదు. తుది సవరణ అది చూసుకుంటుంది. ఫైబర్ అలైన్‌మెంట్, అంటే కాంతిని మోసే గాజు తీగలను సరైన చోట నిలపడం, చేసేవాళ్లు చాలామంది ఇదే వాడతారు.

పట్టకారు:

వాడతారు, నిజమే. కానీ వాళ్ల దగ్గర ఏముందో చూడండి. ఫైబర్ పట్టేవాళ్లు కాంతిని వెలిగించి ఉంచి, అవతలి చివర ఎంత కాంతి వస్తోందో చూస్తూ జరుపుతారు. సింగిల్ మోడ్ ఫైబర్ కోర్ 9 మైక్రాన్లు ఉంటుంది, కాంతి గరిష్ఠమైన చోటే సరైన చోటు. పీజో వాళ్లకు పనికొచ్చేది ఆ కాంతి కొలత ఉండబట్టి. ఇక్కడ చిన్నచిప్పు గారికి ఇంకా కొలతే లేదు. ఎంత తప్పిందో తెలియనప్పుడు నానోమీటరుతో జరిపినా మిల్లీమీటరుతో జరిపినా గుడ్డి కదలికే.

పైగా పీజో అనుకున్నంత బుద్ధిమంతురాలు కాదు. పొరల పీజో తన పొడవులో వెయ్యో వంతే సాగుతుంది. 20 మిల్లీమీటర్ల ముక్క ఇచ్చేది 20 మైక్రాన్లు. 100 కావాలంటే మీట కట్టాలి, మీట కడితే గట్టిదనం తగ్గుతుంది. సెన్సరు లేకుండా నడిపితే వెళ్లేటప్పుడు ఒక చోట, వచ్చేటప్పుడు ఇంకొక చోట నిలుస్తుంది. ఆ తేడా మొత్తం కదలికలో 10 నుంచి 15 శాతం ఉంటుంది. కెపాసిటివ్ సెన్సరుతో చోటును కొలుస్తూ, తేడాను వెంటనే సవరిస్తూ నడిపితేనే దానికి క్రమశిక్షణ వస్తుంది. కటకం గారు చెప్పిన కెమెరాలు బిగించి, తప్పు ఎంతో తేలాక, ఇంకా మిగిలితే అప్పుడు కొనుక్కోవచ్చు.

1959 డిసెంబరులో భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ అమెరికాలోని కాల్టెక్‌లో ఒక పందెం విసిరారు, అంగుళంలో 64వ వంతు భుజం ఉన్న ఘనంలో పట్టే మోటారు చేయమని. అంటే సుమారు 0.4 మిల్లీమీటర్లు. 1960లో విలియం మెక్‌లెల్లన్ అనే ఇంజనీరు చేసి చూపించారు. బరువు 250 మైక్రోగ్రాములు. ఫైన్‌మన్ కొత్త తయారీ పద్ధతి ఏదో పుడుతుందని ఆశించారు. వచ్చింది మైక్రోస్కోపు, గడియారాల పనివాళ్ల లేతు, పళ్లపుల్ల. మనిషి చెయ్యి వణుకే వంద మైక్రాన్ల స్థాయిలో ఉంటుంది, రిపీటబిలిటీలో మీ స్కారా ముందు నిలవదు. అయినా పని జరిగింది, ఎందుకంటే ఆయన కళ్లు పుల్ల మొననూ భాగాన్నీ ఒకే చూపులో చూస్తున్నాయి. మీ యంత్రానికి లేనిది అదే. దించే చోట నాజిల్ మొన, చిప్పు, గుర్తు మూడూ ఒకే ఫొటోలో కనిపించేలా పక్కనుంచి వాలుగా ఒక కెమెరా పెట్టగలిగితే, వేడి చేసే జరుగుబాటు ఏదైనా మీరు దించేముందే కనిపిస్తుంది. అది కుదరకపోతే, దించే చోటికి రెండు సెంటీమీటర్ల దూరంలో కదలని గుర్తు ఒకటి గట్టిగా బిగించి, పది చిప్పులకు ఒకసారి దాన్ని చూసి సవరించుకోండి.

టంకం:

ఎపాక్సీ తప్పనిసరా? సోల్డరైతే ఈ గొడవలో సగం అదే చూసుకుంటుంది. కరిగిన సోల్డర్ తలతన్యత చిప్పును ప్యాడ్ల (పలక మీది లోహపు మచ్చల) మధ్యకు లాగేస్తుంది. 1960లలో ఐబీఎం చిప్పులను బోర్లించి సోల్డర్ గడ్డల మీద కూర్చోబెట్టినప్పటి నుంచి పరిశ్రమ ఈ గుణాన్ని వాడుకుంటూనే ఉంది. 0.4 బై 0.2 మిల్లీమీటర్ల కెపాసిటర్లను యంత్రాలు అంత వేగంగా పెట్టగలగడానికి ఇది కూడా కారణమే, యంత్రం వదిలిన కొద్దిపాటి తప్పును ఓవెన్ దిద్దుతుంది. ప్యాడ్ కొలత చిప్పు అడుగుభాగంతో సరిపోవాలి, రెండు వైపులా ఒకేసారి కరగాలి. లేదంటే అదే బలం కెపాసిటర్‌ను ఒక కాలి మీద నిలబెడుతుంది.

చిన్నచిప్పు:

అందరికీ కృతజ్ఞతలు. టంకం గారూ, పక్కనే ఉన్న ఇంకొక భాగం సోల్డర్ వేడిని తట్టుకోదు, కాబట్టి ఎపాక్సీ తప్పదు.

మీరు చెప్పినవి ఒక్కొక్కటే చేశాను. నాజిల్ మొన చుట్టూ ఎండిన వెండి ఎపాక్సీ ఉంగరంలా కనిపించింది. నాజిల్ మార్చి, మూడు దారుల వాల్వు తల మీదికి తెచ్చాక చిప్పు లేచి రావడం ఆగిపోయింది. జరుగుబాటు చెయ్యి చాచిన దిశలోనే ఉంది. ఇప్పుడు ఉత్పత్తికి ముందు ఖాళీగా రెండు గంటలు అదే వేగంతో తిప్పి, స్థిర గుర్తుతో సవరిస్తున్నాం. పైకి చూసే కెమెరా కూడా వచ్చింది. దించగానే కొలిస్తే ఎక్కువ చిప్పులు 4 మైక్రాన్ల లోపలే ఉన్నాయి. రోబో కొనుగోలు కాగితం ప్రస్తుతానికి పక్కన పెట్టారు.

కానీ ఓవెన్ నుంచి బయటికి వచ్చాక అవే చిప్పులు 8 నుంచి 10 మైక్రాన్లు తప్పి ఉంటున్నాయి, ఈసారి ఒకే దిశలో కాదు, తలా ఒక వైపు. నేరుగా 150 డిగ్రీల దగ్గర క్యూర్ చేస్తున్నాం, అంటే జిగురును గట్టిపరుస్తున్నాం.

పట్టకారు:

తలా ఒక వైపు అంటే చెయ్యికీ కెమెరాకూ సంబంధం లేదు, జిగురు దగ్గర చూడాలి. వేడి తగలగానే ఎపాక్సీ గట్టిపడదు, ముందు పలచబడుతుంది. ఆ కాసేపూ చిప్పు దాని మీద తేలుతుంది, చుక్క ఏ వైపు ఎక్కువగా ఉంటే ఆ వైపుకు పోతుంది. తరువాత కుంచించుకుపోతూ ఆ వైపుకే ఇంకాస్త లాగుతుంది. నేరుగా 150 దగ్గర పెట్టకండి. జిగురు తయారీదారు ఇచ్చిన పట్టికలో తక్కువ వేడి, ఎక్కువ సమయం ఉన్న వరుస చూసి, ముందు దానితో గట్టిపడనిచ్చి, తరువాత వేడి పెంచండి.

చుక్క ఎంత పడుతోందో కూడా చూడాలి. మీ చిప్పు కింద 20 మైక్రాన్ల పొర కావాలంటే పట్టే జిగురు 1.25 నానోలీటర్లు మాత్రమే. సూది గొట్టంతో గాలి నొక్కి వేస్తుంటే అంత చిన్న చుక్క ప్రతిసారీ సమానంగా రాదు. సన్నటి పిన్నును జిగురు పొరలో ముంచి, పలక మీద అద్దే పద్ధతి ఈ కొలతకు నయం. చుక్క కేంద్రాన్ని కూడా చిప్పు కేంద్రంలాగే కెమెరాతో కొలవండి. చుక్క 30 మైక్రాన్లు పక్కన పడి, చిప్పు మాత్రం సరిగ్గా కూర్చుంటే, ఓవెన్‌లో గెలిచేది చుక్కే.

మరొకసారి చేసేటప్పుడు పది చిప్పులకు క్యూర్ ముందూ తరువాతా ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. పక్కకు జరిగాయా, తిరిగాయా, రెండూనా అని చూడాలి. జరగకుండా తిరిగి మాత్రమే ఉంటే నేను చెప్పిన దానికంటే నొక్కే బలం మీద అనుమానం ఎక్కువ, నాజిల్ మొన పలకకు సమాంతరంగా లేక చిప్పు ఒక మూల ముందుగా దిగుతోందేమో చూడాలి.